జుట్టు మాత్ర, థైరాయిడ్ రిపోర్టు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు అద్దెకుండే తెలుగువాళ్లకు జుట్టు రాలితే ముద్దాయి ఒక్కటే: బోరు నీళ్లు. కుళాయికి ఫిల్టర్ బిగిస్తారు, జుట్టుకు మంచిదని బయోటిన్ అనే బి విటమిన్ మాత్ర మొదలుపెడతారు. నీరసం, మలబద్ధకం, పెరుగుతున్న బరువు తోడయ్యాకే థైరాయిడ్ టెస్టు గుర్తొస్తుంది. ఆ మాత్ర వాడుతూనే రక్తం ఇస్తేనే చిక్కు.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, టీఎస్‌హెచ్ అనే హార్మోనుతో థైరాయిడ్‌ను పని చేయిస్తుంది. థైరాయిడ్ మందగించేకొద్దీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది. పెద్దవాళ్లలో సుమారు 0.4 నుంచి 4 దాకా మామూలే. దీన్ని కొలిచే పద్ధతులు కొన్నింటిలో బయోటినే పనిముట్టు. హార్మోనును పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్ తగిలించి ఉంచుతారు. అది స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటేనే లెక్క తేలుతుంది. మనకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములైతే, జుట్టు మాత్రల్లో 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. 300 రెట్లకు పైనే! రక్తంలో తిరిగే ఆ బయోటిన్ ముందే వెళ్లి చోటు ఆక్రమిస్తుంది. దాంతో రిపోర్టులో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 (థైరాయిడ్ తయారుచేసే థైరాక్సిన్ హార్మోను) ఎక్కువగా కనిపిస్తాయి. మందగించిన థైరాయిడ్ కాగితం మీద బాగానే ఉంటుంది, ఒక్కోసారి మితిమీరి పనిచేస్తున్నట్టూ కనిపిస్తుంది. ఇలా టెస్టులు తప్పుదారి పట్టొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

టెస్టుకు కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపాలి. పెద్ద డోసైతే ఎన్ని రోజులో డాక్టర్నే అడగండి. పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రాడు "ఏమైనా తిన్నారా మేడమ్?" అంటాడే గానీ, ఏ మాత్రలు వాడుతున్నారో అడగడు. నిజానికి ఒక్క థైరాయిడ్ టెస్టే అయితే పరగడుపు అక్కర్లేదు. చెప్పాల్సింది మాత్రల సంగతే.

టీఎస్‌హెచ్ 6 వచ్చిందని టెన్షన్ పడి, ఆ ఒక్క రిపోర్టుతోనే జీవితాంతం థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలని లేదు. ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4), యాంటీ టీపీఓ (థైరాయిడ్‌పై దాడిచేసే యాంటీబాడీల టెస్టు) కూడా చూసి, 2, 3 నెలల తర్వాత మళ్లీ కొలవడం మేలు. గర్భిణుల విషయంలో మాత్రం ఆగకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

డాక్టర్ థైరాక్సిన్ మాత్ర రాస్తే పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి. ఫిల్టర్ కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి, ఐరన్, కాల్షియం మాత్రలకైతే 4 గంటలు. ఇక డోసు మార్చిన పది రోజులకే ల్యాబుకు పరిగెత్తడం డబ్బు దండగ. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి, టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి 6 నుంచి 8 వారాలు కావాలి.