“మాది సాంక్చురీ రాష్ట్రం కదా” అనేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఫోను మోగిందంటే, ఎత్తకముందే సగం కథ నాకు తెలిసిపోతుంది. ఏదో దుకాణం, స్కాన్ చేయకుండా సంచిలో పడిన వస్తువు, పోలీసులు, చేతిలో కోర్టు తేదీ ఉన్న కాగితం. ఆ తర్వాత తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: “అయినా మాది న్యూజెర్సీ కదండీ, సాంక్చురీ రాష్ట్రం. ఇక్కడి పోలీసులు ఐస్‌కు చెప్పరట కదా?”

ఐస్ అంటే వీసా నియమాలు తప్పినవారిని పట్టుకుని పంపించే అమెరికా కేంద్ర విభాగం. దానికి ఇక్కడి పోలీసులు చెప్పనక్కరలేదండీ. ఇమిగ్రేషన్ న్యాయవాదిగా ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అరెస్టయినప్పుడు తీసుకున్న వేలిముద్రలు పాత కేసులేమైనా ఉన్నాయేమో చూడటానికి ఎఫ్‌బీఐకి వెళ్తాయి. అక్కడి నుంచి వాటంతటవే హోంలాండ్ సెక్యూరిటీకి చేరతాయి, ఐస్ ఆ శాఖలోదే. 2008లో సెక్యూర్ కమ్యూనిటీస్ పేరుతో మొదలైన ఈ ఏర్పాటు 2013కల్లా దేశమంతటికీ పాకింది. మధ్యలో పేరు మారింది, మళ్లీ పాత పేరే వచ్చింది, వేలిముద్రలు వెళ్లడం మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. హైదరాబాద్‌లో వీసా కోసం మీరు ఇచ్చిన వేలిముద్రలు ఎటూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. పోల్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

మరి సాంక్చురీ అంటే ఏమిటి? న్యూజెర్సీలో 2018 నాటి అటార్నీ జనరల్ ఆదేశం ప్రకారం స్థానిక పోలీసులు మామూలుగా మీ వీసా సంగతి అడగకూడదు. తీవ్రమైన నేరాలను మినహాయిస్తే, ఐస్ అడిగిందని విడుదల కావలసిన మనిషిని జైల్లో అట్టే పెట్టకూడదు. రాష్ట్రాల అధికారులను కేంద్రం తన పనికి బలవంతంగా వాడుకోకూడదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది కాబట్టి ఈ ఆదేశం చెల్లుతుంది. ఇది నిజంగా మేలు చేసేదే, నేను తక్కువ చేయడం లేదు. కానీ వేలిముద్రలను ఆపే శక్తి దానికి లేదు.

2025 వసంతంలో ఏం జరిగిందో గుర్తుందా? ఐస్ దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర సమాచార వ్యవస్థతో పోల్చింది. సుమారు 6,400 పేర్లు కలిశాయి. వేలమంది సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే ప్రభుత్వ రికార్డులు, రద్దయ్యాయి. అందులో ట్రాఫిక్ కేసులున్నాయి, కొట్టేసిన కేసులున్నాయి. కోర్టులు తప్పుపట్టాక ఏప్రిల్ చివర్లో రికార్డులు తిరిగి తెరిచారు. ఆ మూడు వారాలు మా ఆఫీసులో ఎవరూ సరిగా భోజనం చేయలేదు. ఒక అబ్బాయి కేసు రెండేళ్ల క్రితమే కొట్టేశారు. “అయిపోయింది కదా అని కాగితాలు పారేశానక్కా” అన్నాడు. కోపం వచ్చింది. వణుకుతున్న ఆ గొంతు విన్నాక తిట్టబుద్ధి కాలేదు. కేసు కొట్టేసినట్టు కోర్టు ముద్ర ఉన్న నకలు తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. మీరు ఆ నకలు కేసు ముగిసిన రోజే తీసుకుని దాచుకోండి.

ఈ ధీమా వల్ల అసలు నష్టం జరిగేది స్థానిక కోర్టులో. “ఐస్‌కు తెలియదు కదా, తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేస్తే పోతుంది” అనుకుంటారు. వాట్సాప్ గుంపులో ఎవరో సీనియర్ అలాగే చేశాడట, ఏమీ కాలేదట! టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ (తప్పు ఒప్పుకున్నాక తీర్పు ఆపి, షరతులు పాటిస్తే కేసు కొట్టేసే పద్ధతి) తీసుకుంటే రాష్ట్రం దృష్టిలో శిక్ష పడనట్టే. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం, తప్పు ఒప్పుకుని ఏదో ఒక షరతుకు లోబడితే దాన్ని శిక్ష కిందే లెక్కిస్తుంది. న్యూజెర్సీలో తాగి కారు నడపడం ట్రాఫిక్ ఉల్లంఘన మాత్రమే, నేరం కాదు. అయినా ఆ అరెస్టు ఒక్కటి చాలు, తీర్పు రాకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయవచ్చు. రద్దయితే సాధారణంగా ఆ క్షణమే దేశం విడిచి వెళ్లనక్కరలేదు కానీ, చెల్లి పెళ్లికి ఇంటికి వెళ్తే తిరిగి రావడం మన చేతిలో ఉండదు. ప్రతివాది తప్పు ఒప్పుకునే ముందు అతని లాయరు ఇమిగ్రేషన్ పర్యవసానాలు చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. లాయరే లేకుండా వెళ్లేవారికి చెప్పేదెవరు?

బెయిలు సంగతి ఇంకొకటి. మొన్న ఖమ్మం నుంచి ఒక తండ్రి ఫోను. కొడుకు టెక్సాస్‌లో జైల్లో ఉన్నాడు. “అమ్మా, పొలం కుదువ పెట్టయినా పంపుతాను, ఈ రాత్రే కట్టించండి.” ఐస్ డిటైనర్, అంటే మనిషిని వదలకుండా ఉంచమని జైలుకు ఐస్ పంపే కాగితం, పడి ఉంటే, బెయిలు కట్టగానే అబ్బాయి ఇంటికి రాడు. ఐస్ వచ్చి తీసుకెళ్లడానికి వీలుగా 48 గంటల వరకు ఉంచుతారు, టెక్సాస్ జైళ్లు అలా ఉంచి తీరాలని 2017 నాటి రాష్ట్ర చట్టం. బెయిలు ఏజెంటుకిచ్చిన రుసుము తిరిగి రాదు. అతను ఐస్ నిర్బంధంలో ఉండగా స్థానిక కోర్టు వాయిదా తప్పితే మరో వారంటు. కట్టవద్దని నేను అనను. డిటైనర్ ఉందో లేదో ముందు జైలుకు ఫోను చేసి కనుక్కోండి, ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే కట్టండి.

మిగతావి త్వరగా. ప్రతి పోలీసూ ఐస్ మనిషే అన్నది తప్పు. ఇమిగ్రేషన్ పని చేయడానికి ఐస్‌తో 287(జి) అనే ఒప్పందం చేసుకున్న పోలీసు విభాగాల్లో, శిక్షణ పొందినవారికే ఆ అధికారాలు. అలాంటి ఒప్పందాలు 2025లో వెయ్యి దాటిన మాట నిజమే. స్పీడు టికెట్‌తో నేరుగా డిపోర్ట్ చేస్తారన్నదీ వట్టి పుకారే, వీసా సక్రమంగా ఉంటే దాని కోసం నిద్ర చెడగొట్టుకోకండి.

పోలీసులకు ఫోను చేస్తే వీసా పోతుందన్న భయం మాత్రం నన్ను బాధపెడుతుంది. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధమైన హెచ్-4 మీద వచ్చిన ఒక అమ్మాయి భర్త చేతి దెబ్బలు ఏడాదిన్నర ఓర్చుకుంది. 911కు ఫోను చేస్తే తననే పంపించేస్తారని అతను బెదిరించాడట. ఇలాంటి నేరాలకు గురై దర్యాప్తుకు సహకరించేవారి కోసమే 2000లో యూ వీసా తెచ్చారు. ఏడాదికి 10,000 మాత్రమే, వరుస చాలా పొడవు. కానీ దరఖాస్తుకు కావలసిన ధ్రువపత్రం ఐస్ నుంచే రానక్కరలేదు. ఆమె విషయంలో దాని మీద సంతకం పెట్టింది, అన్నాళ్లూ ఆమె భయపడిన ఆ ఊరి పోలీసులే.