భోగ శ్రీనివాసమూర్తి ఏ కాలం నాటిది?

తిరుమలలో ఏకాంత సేవ అందుకునే భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని పల్లవ వంశానికి చెందిన సామవై సమర్పించిందన్న విషయంలో వివాదం లేదు. ఎప్పుడన్నదే తెగని ప్రశ్న. తిరుపతిలో భక్తులు కొనుక్కునే స్థలపురాణ పుస్తకాలలో తరచుగా క్రీ.శ. 614 కనిపిస్తుంది, చరిత్రకారులలో పలువురు 966 అంటారు. రెండింటి మధ్య దూరం 352 ఏళ్లు.

చిక్కంతా శాసనంలోనే ఉంది. శక సంవత్సరం చెప్పకుండా రాజు పాలనా సంవత్సరం చెప్పి ఊరుకోవడం అప్పట్లో పరిపాటి కనుక, ఈ తమిళ శాసనం కూడా కొప్పాత్ర మహేంద్ర పన్మర్ 14వ ఏడు అని మాత్రమే అంటుంది. ఆ రాజు పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మేననీ, ఆయన 600 ప్రాంతంలో గద్దెనెక్కాడనీ అనుకుంటే 614 వస్తుంది. కానీ పేరు కలిసినంత మాత్రాన కాలం కలవదు.

మహేంద్రవర్మ మండగపట్టులో ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా గుడి తొలిపించానని సంస్కృతంలో చెప్పుకున్న రాజు. సామవై శాసనాల లోకం వేరు: మూర్తికి నగలు, గుడికి భూములు, వాటి రాబడితో పూజలు, తమిళుల పురటాసి మాసంలో ఉత్సవం. తిరుచానూరులో పల్లవ దంతివర్మ 51వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది, అంటే ఈ చుట్టుపక్కల గుడులకు దానాలు రాతికెక్కడం తొమ్మిదో శతాబ్దికి కనిపిస్తోంది. ఆ శతాబ్ది చివర ఆదిత్య చోళుడు అపరాజితుణ్ణి ఓడించడంతో పల్లవ రాజ్యం ముగిసింది. ఆదిత్యుడు శ్రీకాళహస్తి దగ్గరి తొండమనాడులో మరణించగా, కొడుకు పరాంతకుడు అక్కడ గుడి కట్టించాడు. 949లో తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడవ కృష్ణుని చేతిలో చోళులు ఓడిపోవడంతో కంచి, తిరుపతి ప్రాంతాలున్న తొండైమండలం కొన్నాళ్లు వారి చేయి జారింది. ఇన్ని మార్పుల్లోనూ పల్లవ బిరుదులున్న కుటుంబాలు సామంతులుగా, గుడి దాతలుగా నిలిచే ఉన్నాయి. భర్త సామంతుడుగా కనిపించే సామవైకి ఈ నేపథ్యమే సరిగ్గా అమరుతుంది.

అందువల్ల పదో శతాబ్ది వైపే నా మొగ్గు. అయితే 966 కూడా రాతిమీద చెక్కిన అంకె కాదు, పండితుల లెక్క. పుస్తకాలలో పదో శతాబ్ది ఉత్తరార్ధం అని అచ్చువేయడమే క్షేమం.