లైటు వెలిగినా కారు ఎందుకు లేవలేదు?

చిన్నికీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత తిరిగొస్తే కారు స్టార్ట్ కాలేదనీ, లోపల లైటు మాత్రం వెలుగుతోందనీ రాశారు. "లైటు వెలుగుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే కదా?" అని అడిగారు. పెద్దవాళ్లు కూడా అక్కడే పొరబడతారు.

మేడ మీది నీళ్ల ట్యాంకును తలుచుకోండి. అడుగున జానెడు నీళ్లున్నా కింద చెంబు నిండుతుంది. ఇంట్లో కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పారో, అన్నింట్లోనూ సన్నని ధారే. బ్యాటరీ అలాంటి ట్యాంకే. లోపలి లైటుకు అర ఆంపియర్ చాలు. ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారుకు ఒక్క ఊపులో వందకు పైగా కావాలి. నిండు బ్యాటరీకి వోల్టులు కొలిచే మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది. 12కు దిగితే ట్యాంకు అడుగంటుతున్నట్టే.

మరి పది రోజుల్లో నీళ్లెటు పోయాయి? తాళం వేసినా గడియారం, అలారం చుక్కచుక్కగా తాగుతూనే ఉంటాయి. కొత్త బ్యాటరీ వారాల తరబడి ఓర్చుకుంటుంది, నాలుగేళ్లు దాటినది ఓర్చుకోలేదు. చలికి ఇంకా నీరసిస్తుంది. ట్యాంకు నింపే మోటారు ఆల్టర్నేటర్. ఇంజిన్ తిరుగుతుంటేనే అది పనిచేస్తుంది, అప్పుడు మీటరు 14 దగ్గర నిలుస్తుంది. అందుకే అయిదు నిమిషాలు నడిపి ఆపేస్తే లాభం లేదు.

ట్యాంకు నిండుగా ఉండి పైపులో నాచు పడితే? టెర్మినళ్ల మీద, అంటే బ్యాటరీకి తీగలు బిగించే కొనల మీద, తెల్లగా, పచ్చగా పేరుకునే పొడి ఆ నాచే. మీరు ముట్టుకోకండి, అందులో యాసిడ్ ఉంటుంది. నాన్నను ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ విప్పమనండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో తోమి, ఆరాక ప్లస్ ముందు, మైనస్ చివర బిగించాలి. మైనస్ తగిలించి ఉండగా స్పానర్ ప్లస్‌నూ కారు రేకునూ కలిపి తాకితే నిప్పులు చిమ్ముతాయి.

చెవి పెట్టి వినడం కూడా నేర్చుకోండి. తాళం తిప్పితే "టకటకటక" మంటే చాలావరకు బ్యాటరీ నీరసమే. ఒక్క "టక్"తో ఆగితే స్టార్టర్‌నో, వదులైన తీగనో అనుమానించాలి. ఇంజిన్ చురుగ్గా తిరుగుతూనే అంటుకోకపోతే పెట్రోలో స్పార్కో అందడం లేదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు సన్నగా "జుయ్" మనాలి. స్టార్టర్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకూడదు, వేడెక్కుతుంది. అర నిమిషం ఆగి మళ్లీ తిప్పాలి.

పాత అంబాసిడర్లకు ముందు కన్నంలో ఇనుప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పేవాళ్లు. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. ఇప్పుడా బలమంతా చిన్న సొరకాయంత మోటారులో ఉంది!

రేపు చీకటి పడ్డాక నాన్నను గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, హెడ్‌లైట్లు గోడ మీద పడేలా వెలిగించి తాళం తిప్పమనండి. మీరు కారుకు ఎదురుగా కాకుండా మెట్ల మీద నిలబడండి. వెలుగు బాగా వాలిపోతే బ్యాటరీదే నీరసం. ఇంజిన్ కదలకపోయినా వెలుగు చెక్కుచెదరకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య