కామిక్స్ విలన్ ఎలా తయారవుతాడు? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో ఉంటూ పిల్లల కోసం తెలుగులో, ఒడియాలో బొమ్మల కథలు గీస్తుంటాను. వీలు చిక్కినప్పుడల్లా పర్లాకిమిడి, గుణుపురం వైపు బడులకు వెళ్లి కామిక్స్ గీయడం నేర్పుతాను. ఎక్కడైనా సరే, తెల్ల కాగితం చేతికిస్తే పిల్లలు ముందు గీసేది విలన్‌నే. వాళ్లలోనూ, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లలోనూ కొన్ని నమ్మకాలు బాగా పాతుకుపోయాయి. అవి వదిలితే గానీ మన భాషలో గట్టి విలన్ పుట్టడని నా గట్టి నమ్మకం.

అపోహ: విలన్‌కి ముందుగా ఒక విషాద గతం రాసుకోవాలి.

వాస్తవం: చాలామంది నా దగ్గరికి పేజీల కొద్దీ ఫ్లాష్‌బ్యాక్ రాసుకుని వస్తారు. చిన్నప్పుడు నాన్నని ఎవరో చంపేశారు, ఇల్లు తగలబెట్టారు, అందుకే ఇలా అయ్యాడని. సరే, ఇప్పుడు వీడు కథలో ఏం చేస్తాడని అడిగితే సమాధానం రాదు. పేరుమోసిన విలన్లు చాలామంది గతమే లేకుండా పుట్టారు. అమెరికన్ కామిక్స్ రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కిర్బీ 1963లో ఎక్స్-మెన్ కథల్లోకి మాగ్నెటో అనే విలన్‌ని తెచ్చినప్పుడు వాడికున్నవి ఇనుమును ఆడించే శక్తి, లోకాన్ని ఏలాలన్న కోరిక, అంతే. ఆష్‌విట్జ్ నాజీ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడన్న సంగతి 1981లో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ కథలో గానీ బయటికి రాలేదు. బ్యాట్‌మన్ కథల్లోని మిస్టర్ ఫ్రీజ్ 1959లో మిస్టర్ జీరో అన్న పేరుతో వచ్చిన మంచు తుపాకీ దొంగ. జబ్బుపడిన భార్య కోసం పడే తపన 1992లో టీవీ యానిమేషన్ వాళ్లు ఇచ్చారు. ముందు పని, తర్వాతే గతం. పాఠకుడు వాడి పనిని చూసి "ఎందుకిలా చేస్తున్నాడు?" అని అడగాలి. ఆ ప్రశ్న పుట్టాకే గతానికి విలువ.

అపోహ: కోరమీసం, ఎర్రకళ్లు, గాటు ఉంటే విలన్ అయిపోతాడు.

వాస్తవం: ముఖం కన్నా ముందు ఆకారం. బొమ్మ మొత్తం నల్లగా పూసేసినా వీడు ఫలానా అని తెలియాలి. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ చూడండి, భుజాన శవం, చేతిలో కత్తి. గీతలన్నీ తీసేసి నీడ మాత్రం ఉంచినా గుర్తుపడతాం. విలన్‌కీ ఆ పరీక్ష పెట్టాలి.

నేను గీస్తున్న ఒక కథలో విలన్ జీడిపిక్కల దళారి. కొండ దిగి సంతకొచ్చే సవర గిరిజన ఆడవాళ్ల దగ్గర పిక్కలు కొంటాడు. వాడికి ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, నవ్వు ముఖం ఇచ్చాను. "రా అమ్మా, కూర్చో, మంచినీళ్లు తాగు" అంటాడు. మొదటి ప్యానెల్లో, అంటే పేజీలోని మొదటి బొమ్మ గడిలో, కాటా మొత్తం కనిపిస్తుంది. రెండోదాంట్లో వాడి చేయి. మూడోదాంట్లో చిటికెన వేలు ఒక్కటే, పిక్కలున్న పళ్లేన్ని అడుగు నుంచి మెల్లగా పైకి ఎత్తి పడుతూ. ఆ ప్యానెల్లో మాటల బెలూన్ లేదు. గుణుపురంలో ఒక పాప ఆ పేజీ మీద వేలు పెట్టి, "మాస్టారూ, ఈడు నవ్వుతూనే తూకం కొట్టేస్తన్నాడేటి!" అంది. ఆ పాపకి కోపం వచ్చింది. విలన్ కుదిరాడని నాకు తెలిసింది అక్కడే.

అపోహ: గొప్ప విలన్ ఒక మేధావి బుర్రలోంచి పూర్తి రూపంతో ఊడిపడతాడు.

వాస్తవం: బ్యాట్‌మన్ శత్రువు జోకర్ కథే తీసుకోండి. 1940లో బ్యాట్‌మన్ మొదటి సంచికలో వచ్చాడు. చిత్రకారుడు జెర్రీ రాబిన్సన్ జోకర్ పేకముక్క బొమ్మ తెచ్చాడు, రచయిత బిల్ ఫింగర్ 1928 నాటి మూకీ సినిమాలో నవ్వు ముఖంతో ఉన్న నటుడు కాన్రాడ్ వైట్ ఫొటో తెచ్చాడు, బ్యాట్‌మన్ చిత్రకారుడు బాబ్ కేన్ ఉండనే ఉన్నాడు. ఎవరి వాటా ఎంతన్నది వాళ్లు బతికున్నంతకాలం తేలలేదు. ఆ సంచికలోనే జోకర్‌ని చంపేయాలనుకున్నారు. ఎడిటర్ విట్నీ ఎల్స్‌వర్త్ అడ్డుపడి, వాడు బతికే ఉన్నాడని చెప్పే ప్యానెల్ చివర్లో పెట్టించాడు. ఆ ఒక్క ప్యానెల్ లేకపోతే తర్వాతి ఎనభై ఏళ్ల జోకర్ లేడు.

1954లో అమెరికాలో కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి, కామిక్స్ కోడ్, వచ్చింది. నేరస్థుడి మీద సానుభూతి కలిగేలా గీయకూడదు, ప్రతి కథలోనూ మంచే గెలవాలి అని రాసుకున్నారు. ఆ ఏళ్లలో జోకర్ హత్యలు మానేసి చిలిపి పనులు చేసే దొంగగా మిగిలాడు. 1973లో రచయిత డెన్నిస్ ఓనీల్, చిత్రకారుడు నీల్ ఆడమ్స్ కలిసి మళ్లీ హంతకుణ్ని చేశారు. ఒకే పాత్ర, కానీ ఎన్ని చేతులు పడ్డాయో చూడండి. సూపర్‌మన్ శత్రువు లెక్స్ లూథర్ కూడా 1940లో ఎర్రజుట్టుతో వచ్చినవాడే. బట్టతల మరుసటి ఏడాది వచ్చింది. పిచ్చి శాస్త్రవేత్త కాస్తా కోటీశ్వరుడైన వ్యాపారిగా మారింది 1986లో.

అపోహ: విలన్‌ని బలంగా గీస్తే పిల్లలు చెడిపోతారు.

వాస్తవం: ఈ మాట తల్లిదండ్రులు అడిగినప్పుడు మా గంజాం జిల్లా జానపద నాటకం, ప్రహ్లాద నాటకం గుర్తుచేస్తాను. తెల్లవార్లూ సాగే ఆటలో అందరి చూపూ హిరణ్యకశిపుడి మీదే. మెట్లమెట్లుగా కట్టిన వేదిక మీద కిరీటంతో ఎక్కుతూ దిగుతూ గర్జిస్తుంటాడు. పిల్లలు ముందు వరసలో కూర్చుని చూస్తారు. వాడు అంత ఎత్తున నిలబడితేనే ప్రహ్లాదుడి ధైర్యం ఎంతటిదో వాళ్లకి తెలుస్తుంది. విలన్‌ని బలహీనుణ్ని చేస్తే నష్టపోయేది హీరోనే.

అపోహ: ఒకసారి ఖాయమైన విలన్‌ని మార్చకూడదు.

వాస్తవం: మార్చవచ్చు, కాకపోతే వాడి పనిని మాత్రం వదలకూడదు. నా దళారి ఎవరికి భయపడతాడని పిల్లలే అడిగారు. అందుకని రెండో కథలో వాడు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ యజమానికి అప్పు పడ్డాడు. ఆ యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. తర్వాతి పేజీలో మళ్లీ సంత, మళ్లీ అదే చిటికెన వేలు.