‘మావాణ్ని ఎవరూ చూడలేదన్నా!’: ఐస్ హాకీ డ్రాఫ్ట్ ముందు వినిపించే అపోహలు

ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్. ఏటా అందులోని టీమ్‌లు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లని ఎంచుకునేదే డ్రాఫ్ట్. ఆ కుర్రాళ్లకి ర్యాంకులిచ్చే లీగ్ విభాగం సెంట్రల్ స్కౌటింగ్. ఏప్రిల్‌లో వాళ్ల ఆఖరి జాబితా వచ్చిందంటే నా ఫోన్ ఊరుకోదు. పగలు డేటా ఉద్యోగం, సాయంత్రాలూ శని ఆదివారాలూ కెనడాలోని అంటారియో ఐస్ రింకుల్లో కాఫీ కప్పు పట్టుకుని ఒక జూనియర్ టీమ్‌కి స్కౌటింగ్, అంటే పనికొచ్చే ఆటగాళ్లని వెతికిపెట్టడం. పదకొండేళ్లుగా ఇదే నా బతుకు. బ్రాంప్టన్, మిల్టన్ వైపు మనవాళ్ల పిల్లలు కొందరు క్రికెట్ బ్యాట్ పక్కన పెట్టి స్కేట్లు కట్టుకున్నాక, ఆ ఫోన్లలో తెలుగు కూడా వినిపిస్తోంది.

మొన్న ఒకాయన చేశాడు. ‘అన్నా, మావాడి పేరు లిస్టులో లేదు. అసలు ఎవరూ చూడలేదన్నా వాణ్ని. ఒక్కసారి చూస్తే చాలు. ఏదో అంటారుగా, స్లీపర్ అని, మావాడు అదే.’

ఆ గొంతులో టెన్షన్ వింటే కోపం రాదు. కానీ ఆ మాట ఏడాదికి ఇరవైసార్లు విన్నాక విసుగు మాత్రం వస్తుంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నా.

అపోహ: స్లీపర్ అంటే ఎవరి కంటా పడనివాడు.

వాస్తవం: ఆ రోజులు పోయాయి. ఈ మాట అనేవాళ్లంతా తర్వాత పెద్ద స్టార్ అయిన పావెల్ డాట్సుక్ కథే చెబుతారు. డెట్రాయిట్ స్కౌట్ హాకన్ ఆండర్సన్ రష్యాకి డిమిట్రీ కాలినిన్‌ని చూద్దామని వెళ్లాడు. ఎదుటి టీమ్‌లో బక్కపల్చటి కుర్రాడొకడు అతని కంట్లో పడ్డాడు. 1998 డ్రాఫ్ట్‌లో కాలినిన్ 18వ పేరు, డాట్సుక్ 171వ పేరు. అంతకు ముందు రెండు డ్రాఫ్టుల్లో డాట్సుక్‌ని ఎవరూ అడగనే లేదు. గొప్ప కథే, కాదనను. కానీ అది 1998 నాటిది. ఇప్పుడు పెద్ద జూనియర్ లీగుల్లో ప్రతి మ్యాచ్‌కీ వీడియో ఉంది. పిల్లాడి షిఫ్టులన్నీ (ఐస్ మీదికి దిగిన ప్రతి విడతా) ముక్కలు కోసి వరసగా పెట్టిన క్లిప్పులు నేను వంటింట్లో అన్నం పెట్టుకుంటూ చూస్తుంటాను.

ఇప్పటి స్లీపర్ అందరూ చూసినవాడే. చూసి కూడా అందరూ తక్కువ అంచనా వేసినవాడు. తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ అయిన జానీ గాడ్రోనే తీసుకోండి. 2011లో డుబ్యూక్ టీమ్‌తో అమెరికా జూనియర్ లీగ్ యూఎస్‌హెచ్‌ఎల్ కప్పు గెలిచాడు, ఆ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు కూడా. కనబడలేదని ఎలా అంటాం? అయినా డ్రాఫ్ట్‌లో 104వ స్థానం దాకా ఆగాల్సి వచ్చింది, పొట్టివాడని. బ్రేడెన్ పాయింట్ 2013-14లో మూస్ జా అనే జూనియర్ టీమ్ తరఫున 72 మ్యాచ్‌ల్లో 91 పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు అంటే అసిస్టులు కలిపి) చేశాడు. ఆ అంకెలు కెనడాలో హాకీ చూసే ప్రతివాడికీ తెలుసు. అయినా డ్రాఫ్ట్‌లో టాంపా బే టీమ్ అతన్ని పిలిచేసరికి 79వ పేరు అయింది.

ఈ తేడా ఎందుకు పట్టుకుని ఇంత సాగదీస్తున్నానంటే, తల్లిదండ్రుల డబ్బూ పిల్లాడి ఏడాదీ పోయేది ఇక్కడే. ‘ఎవరూ చూడలేదు’ అని నమ్మినవాడు చూపించే పనిలో పడతాడు. ఫోన్ చేసినాయన చేసిందీ అదే. వేసవిలో మూడు షోకేసులు (స్కౌట్లకి పిల్లల్ని చూపించే చిన్న టోర్నీలు), ఒక్కోదానికి ఫీజు, విమానం, హోటల్. ‘ఎన్‌హెచ్‌ఎల్ స్కౌట్లు వస్తారు’ అని ఒక నిర్వాహకుడు చెవిలో ఊదాడట. వచ్చే ఉంటారు. కానీ ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లతో కలిపి ఆడించిన రెండు రోజుల ఆట చూసి నేనైతే నా నోట్‌బుక్‌లో ఒక్క మార్కు కూడా మార్చను. శీతాకాలమంతా చూసిన ఆట ముందు అదెంత?

అంతకంటే పెద్ద తప్పు డిసెంబర్‌లో జరిగింది. పాత టీమ్‌లో ఆ కుర్రాడు మ్యాచ్‌కి ఇరవై నిమిషాలు ఐస్ మీద ఉండేవాడు. అటు పవర్ ప్లేలోనూ (ఎదుటివాళ్లకి శిక్ష పడి ఒకడు తక్కువైనప్పుడు) వాడే, ఇటు పెనాల్టీ కిల్‌లోనూ (మనవాళ్లకి ఒకడు తక్కువైనప్పుడు) వాడే. ‘పేరున్న టీమ్‌కి వెళ్తే కనబడతాడు’ అని మార్పించారు. అక్కడ నాలుగో లైన్ (అందరికంటే తక్కువసేపు ఆడించే ముగ్గురు), ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల్లో నేనేం చూడను? పక్ (బంతి బదులు వాడే బిళ్ల) కర్రకి తగిలిందో లేదో అన్నంతలో షిఫ్ట్ అయిపోతుంది. కనబడాలని వెళ్లి కనుమరుగయ్యాడు పాపం.

నేను చూసేది గోల్స్ లెక్క కాదు. పాయింట్లలో ఎన్ని పవర్ ప్లేవి, ఎన్ని ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు చేసినవి? అసిస్టుల్లో మొదటివెన్ని, అంటే గోల్‌కి ముందు ఆఖరి పాస్ తనదేనా? పక్కన ఆడేవాడు ఎవరు? ఆ ఏటి స్టార్ పక్కన ఆడితే నా పాయింట్లు కూడా పెరుగుతాయి. పక్ అందుకునే ముందు భుజం మీదుగా వెనక్కి చూశాడా? పక్ పోగొట్టుకున్నాక మొదటి మూడు అడుగులు ఎటు వేశాడు? అక్టోబర్‌లో ఎలా ఉన్నాడు, ఫిబ్రవరికి ఎలా అయ్యాడు? స్లీపర్లు ఎక్కువగా ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే దొరుకుతారు. మొత్తం సీజన్ అంకె మామూలుగా ఉంటుంది, దాన్ని రెండుగా కోస్తే రెండో సగంలో వేరే కుర్రాడు బయటికొస్తాడు.

పుట్టిన నెల సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. ఇక్కడ చిన్నప్పటి నుంచీ పిల్లల్ని జనవరి-డిసెంబర్ లెక్కన జట్లుగా కడతారు. జనవరి పిల్లాడికీ డిసెంబర్ పిల్లాడికీ పదకొండు నెలల తేడా. తొమ్మిదేళ్ల వయసులో అదెంత తేడానో పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పెద్ద పిల్లాడు మంచి జట్టులోకి వెళ్తాడు, మంచి కోచ్ దొరుకుతాడు, తేడా పేరుకుపోతుంది. 1980 నుంచి 2007 దాకా జరిగిన డ్రాఫ్టుల్ని లెక్కగట్టిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. ఎంపికైన కెనడా కుర్రాళ్లలో మూడో వంతుకు పైగా జనవరి-మార్చి మధ్య పుట్టినవాళ్లు, అక్టోబర్-డిసెంబర్ వాళ్లు ఏడో వంతు. తమాషా ఏమిటంటే, ఏడాది రెండో సగంలో పుట్టి ఎంపికైనవాళ్లే తర్వాత తమ డ్రాఫ్ట్ స్థానానికి మించి ఆడారు. అంటే స్కౌట్లం వాళ్లని తక్కువగా చూశాం. నేను కూడా.

ఆరేళ్ల కిందట ఒక డిఫెన్స్‌మన్ పేరు మీద అడ్డగీత కొట్టాను. ‘కాళ్లు నెమ్మది, బలం లేదు’ అని రాశాను. వాడు పుట్టింది నవంబర్‌లో అనీ, ఆ ఏడాదే నాలుగంగుళాలు పెరిగాడనీ నేను చూసుకోలేదు. అంత త్వరగా పొడుగైనవాడికి తన కాళ్లు తనవిలా ఉండవు. రెండేళ్ల తర్వాత వాడు మా టీమ్ మీదే ఆడుతూ, మా మొదటి లైన్‌ని గోల్ దగ్గరికి రానివ్వలేదు. మా కోచ్ నావైపు తిరిగి ‘ఇతన్ని నువ్వు చూడలేదా?’ అన్నాడు. చూశాను సార్, అదే కదా బాధ!

ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి లెక్క ఇంకోటి: సెప్టెంబర్ 15 గీత. ఆ తేదీకి 18 నిండాలి. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు కాబట్టి రెండు రోజుల తేడాతో 2015 పోయి 2016లో వచ్చాడు, మొదటి పేరు వాడిదే. అందుకని ఒకే డ్రాఫ్ట్‌లో ఉన్న ఇద్దరి పాయింట్లు పోల్చేముందు పుట్టినరోజులు చూడండి. దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు.

అపోహ: సెంట్రల్ స్కౌటింగ్ ర్యాంకు అంటే ర్యాంకే.

ఇది మనవాళ్ల ప్రత్యేక జబ్బు, ఎంసెట్ రోజుల నుంచి వచ్చింది. ఎంసెట్‌లో ర్యాంకు ప్రకారం సీటు. ఇక్కడ అలా కాదు. ఆ జాబితాలు నాలుగు: ఉత్తర అమెరికా ఆటగాళ్లు, యూరప్ ఆటగాళ్లు, రెండు చోట్లా గోలీలు (గోల్‌కీపర్లు) వేరే. ఉత్తర అమెరికాలో 90 అంటే మొత్తం మీద 90 కాదు. పైగా 32 టీమ్‌లకీ సొంత జాబితాలుంటాయి, ఇంకొకరి వరసని పాటించాలన్న రూలేమీ లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

‘కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు పెట్టే శారీరక పరీక్షలు) బరువులెత్తితేనే’ అంటారు. 2014లో సామ్ బెనెట్ ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడు. ఎంత నవ్వులాటో అప్పుడు! కాల్గరీ నాలుగో స్థానంలో తీసుకుంది. 2025లో ఫ్లోరిడాకి ఆడుతూ ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి, కాన్ స్మైత్, అందుకున్నాడు.

‘స్కేటింగ్ రాకపోతే ఇక రాదు’ అన్నది సగం నిజం. పైన చెప్పిన బ్రేడెన్ పాయింట్‌కి స్కేటింగే లోపమన్నారు. పెయిర్స్ ఫిగర్ స్కేటింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయిన బార్బరా అండర్‌హిల్ దగ్గర కుస్తీపట్టి సరిచేసుకున్నాడు. కాళ్లు దిద్దవచ్చు. ఆట చదవగలిగే బుర్రని దిద్దడం నాకు తెలిసి చాలా కష్టం.

గోలీల గురించి నన్నడగొద్దు. నిజంగా. కానర్ హెలెబక్‌ని మొదటి ఏడాది ఎవరూ తీసుకోలేదు. టెక్సస్‌లోని ఒడెస్సాలో ఆడాక 2012లో 130వ పేరుగా వెళ్లాడు. 2025లో హార్ట్ (లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి), వెజినా (ఉత్తమ గోలీ బహుమతి) రెండూ అతనివే.

ఇక డ్రాఫ్ట్ రాత్రి పేరు పిలవకపోతే అంతా అయిపోయినట్టే అనుకునేవాళ్లకి ఒక్క మాట. ఏడు రౌండ్లు, దాదాపు 224 పేర్లు, అంతే ఉంటాయి. ఉత్తర అమెరికా కుర్రాడికి పుట్టినరోజుని బట్టి మరో ఒకటో రెండో డ్రాఫ్టులు మిగులుతాయి, అవీ దాటితే ఏ టీమ్‌తోనైనా నేరుగా ఒప్పందం చేసుకోవచ్చు. బ్రిటిష్ కొలంబియాలోని సర్రే నగరం కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ని ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ పిలవలేదు. 2021-22లో రెడ్ డీర్‌కి ఆడుతూ 112 పాయింట్లతో డబ్ల్యూహెచ్‌ఎల్ అనే జూనియర్ లీగ్‌లో అందరికంటే పైన నిలిచాడు. ఆ మార్చిలోనే వాంకూవర్ సంతకం పెట్టించుకుంది, 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో దిగాడు.

ఫోన్ చేసినాయనకి ఇదంతా చెప్పాను. కుర్రాడి పుట్టినరోజు అడిగితే ఆగస్టు 29 అన్నాడు. అంటే సెప్టెంబర్ 15 గీత లెక్కన ఆ డ్రాఫ్ట్‌లో బాగా చిన్నవాళ్లలో ఒకడు. ‘మరి ముందే చెప్పవేం?’ అన్నాను. డిసెంబర్‌కి ముందు ఆడిన మ్యాచ్‌ల వీడియోలు పంపమన్నాను. షోకేస్ వీడియోలు పంపాడు. మళ్లీ అడిగాను.