సెల్ఫ్ కొడితే 'టిక్', అంతే

టెక్సాస్‌లో ఉంటున్న ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఒక ఏటీవీ కొన్నారు. మన బీచ్‌ల్లో, రిసార్టుల్లో లావుపాటి టైర్లతో తిరిగే నాలుగు చక్రాల బండే. పాత యజమాని దానికి చేయించని మార్పు లేదు. ముందు తాడుతో లాగే వించ్, పైన ఎల్‌ఈడీ లైట్ల పట్టీ, ఇంజన్‌లో పెద్ద పిస్టన్, ఛాసిస్‌కి కొత్త రంగు. లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి. మీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది. సెల్ఫ్ నొక్కితే మాత్రం ఒక్క 'టిక్' వినిపించి ఊరుకుంటోంది. బ్యాటరీ బాగానే ఉంది కదా, సెల్ఫ్ మోటారు మార్చేయనా అని అడిగారు.

అప్పుడే మార్చకండి. బ్యాటరీ బాగుందన్న మాట దగ్గరే నాకు అనుమానం. మీటరు అబద్ధం చెప్పలేదు. ఆరు గదుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండా చార్జయి ఖాళీగా కూర్చున్నప్పుడు 12.6 చూపాల్సిందే. పని చెప్పినప్పుడు ఎంత చూపుతుందో అది మనకు కావాలి.

కొత్త బండికి దిష్టి తగలకుండా నిమ్మకాయలు కడతాం కదా, వాటినే తీసుకుందాం. ఒక్కో కాయలో ఒక రాగి రేకు, ఒక జింకు పూత మేకు గుచ్చితే సుమారు 0.9 వోల్టు వస్తుంది. 14 కాయల్ని వరసగా కలిపితే సరిగ్గా 12.6! మీటరుకి ఆ దండకీ మీ బ్యాటరీకీ తేడా తెలియదు. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు కాబట్టి అది లాగే కరెంటు మైక్రో ఆంపియర్‌కు కాస్త ఎక్కువ, అంతే. ఆ మాత్రం నిమ్మకాయైనా ఇస్తుంది. కానీ ఒక్కో కాయ అంతర్నిరోధం వెయ్యి ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. దండ రెండు కొసలూ నేరుగా కలిపేసినా వచ్చేది ఒక మిల్లీ ఆంపియర్‌కు అటూ ఇటూ. సెల్ఫ్ మోటారు అడిగేది వంద ఆంపియర్ల లెక్క. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, బండిని మాత్రం ఆ దండ కదిలించలేదు.

చిన్న మోటారు అంత కరెంటు ఎందుకు మింగుతుందంటే, దాని శక్తికి మించిన పని కొన్ని సెకన్ల పాటు చేయించుకుంటాం కాబట్టి. ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను 1912 కాడిలాక్ కార్లకు అందించిన చార్లెస్ కెటరింగ్ కిటుకు ఇదే. అంతకుముందు ఆయన క్యాష్ రిజిస్టర్లకు మోటారు పెట్టిన మనిషి. క్షణకాలం పనికి పెద్ద మోటారు అక్కర్లేదని అక్కడే గ్రహించాడు.

ఇప్పుడు ఓమ్ నియమం. బళ్లో దీన్ని 5 ఓమ్‌లు, 10 ఓమ్‌ల లెక్కలతో నేర్పించి వదిలేస్తారు. ఒక్క లెక్కయినా 0.03 ఓమ్‌తో ఇస్తే ఎంత బాగుండేది! చిలుము పట్టిన ఒక కనెక్షన్‌లో 0.03 ఓమ్ ఉందనుకోండి. లైట్ల పట్టీ 4 ఆంపియర్లు లాగితే అక్కడ పోయేది 0.12 వోల్టు. కంటికి తేడా ఆనదు. అదే దారిలో 100 ఆంపియర్లు పారితే 3 వోల్టులు ఎగిరిపోతాయి, 300 వాట్ల వేడి ఆ బోల్టు దగ్గరే పుడుతుంది. టంకం వేసే ఐరన్ 25 వాట్లే! లైట్లు వెలగడం ఎందుకు సాక్ష్యం కాదో చూశారుగా.

ఆ 0.03 ఎక్కణ్నుంచి వచ్చింది? బిగించిన రెండు లోహాలు మొత్తం ముఖాన అంటుకుని ఉంటాయనుకుంటాం. సూక్ష్మంగా చూస్తే రెండూ ఎగుడుదిగుడు నేలలే, ఎత్తైన మిట్టలు మాత్రమే తాకుతాయి. కరెంటంతా ఆ చుక్కల గుండా ఇరుక్కుని పోవాలి. ఒక చుక్క వ్యాసార్ధం a అయితే, దాని నిరోధం లోహపు విశిష్ట నిరోధాన్ని 2aతో భాగిస్తే వస్తుంది. రెండువైపులా సీసమే అనుకుని, 10 మైక్రాన్ల వ్యాసార్ధం గల ఒకే చుక్కకు లెక్క కడితే 0.01 ఓమ్. బోల్టు గట్టిగా బిగిస్తే మిట్టలు నలిగి చుక్కలు పెరుగుతాయి, నిరోధం పడిపోతుంది. టెర్మినల్ మీద స్పానర్‌తో ఒక్కటిస్తే బండి స్టార్టవడంలో చేతివాసి ఏమీ లేదు. చిలుము పొర పగిలి కొత్త చుక్కలు దొరికాయి, అంతే.

ఈ బండిలో నా మొదటి అనుమానం ఛాసిస్ రంగు మీద. కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే ఎర్త్ వైరు లగ్గును, అంటే దాని చివరి లోహపు కొనను, రంగు మీదే బిగించేసి ఉంటారు. రంగు కరెంటును పోనివ్వదు. పాపం బోల్టు మరలే ఆ భారమంతా మోస్తాయి.

ఆ శబ్దాన్ని కూడా వినాలి. 'టిక్' అనేది రిలే మూసుకున్న చప్పుడు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్. రిలే కాయిల్‌కు కొద్ది ఆంపియర్లు చాలు. ఒక్క టిక్కుతో ఆగితే కాయిల్‌కు కరెంటు అందుతోంది, మోటారుకు అందడం లేదన్నమాట. తప్పు రిలే కాంటాక్టుల్లోనో, అక్కడి నుంచి మోటారుకు వెళ్లే వైరులోనో, ఇంజన్ ఎర్త్‌లోనో, చివరికి మోటారులోనో ఉంటుంది. 'టకటకటక' అంటే కథ వేరు. రిలే మూసుకోగానే మోటారు కరెంటు గుంజుతుంది, వోల్టేజి కుప్పకూలుతుంది, కాయిల్ పట్టు వదిలేస్తుంది, వెంటనే వోల్టేజి లేస్తుంది, మళ్లీ మూసుకుంటుంది. అది నీరసించిన బ్యాటరీ, లేదా బ్యాటరీ టెర్మినల్. అసలు టిక్కే లేకపోతే న్యూట్రల్, బ్రేక్ స్విచ్‌లు, ఫ్యూజు చూసుకోండి.

ఓమ్‌ల మోడ్‌లో పెట్టి వెతక్కండి. మీటరు వైర్లలోనే 0.2 ఓమ్ దాకా ఉంటుంది, అందులో మన 0.03 కలిసిపోతుంది. వోల్టుల మోడ్‌లో పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్రేక్ వేసి, ఒక మొన బ్యాటరీ మైనస్ స్తంభం మీద, రెండోది ఇంజన్ బాడీ మీద రంగు లేని చోట ఆనించండి. ఎవరినైనా సెల్ఫ్ నొక్కమనండి. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి బిగించండి. దొరక్కపోతే ప్లస్ వైపు కూడా ఇలాగే బ్యాటరీ నుంచి రిలేకి, రిలే నుంచి మోటారుకి ఒక్కో ముక్క కొలవండి. అన్నీ బాగుండి, సెల్ఫ్ నొక్కినప్పుడు బ్యాటరీయే 9.6 కిందికి జారితే అది మార్చాల్సిందే. ఏటీవీలు నెలల తరబడి షెడ్లో పడి ఉంటాయి. చార్జ్ దిగిపోయిన పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి అంతర్నిరోధం పెరుగుతుంది.

ఇక పెద్ద పిస్టన్. బ్యాటరీ, వైర్లు అన్నీ సవ్యంగా ఉండి, మోటారు కొద్దిగా తిరిగి, పిస్టన్ గాలిని నొక్కే కంప్రెషన్ దగ్గర ఆగిపోతుంటే, పిస్టన్‌తో పాటు వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కూడా మార్చారేమో కనుక్కోండి. చాలా సింగిల్ సిలిండర్ ఇంజన్లలో, స్టార్టయ్యేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాస్త తెరిచి ఒత్తిడి తగ్గించే డీకంప్రెసర్ క్యామ్ మీదే ఉంటుంది. రేసింగ్ క్యామ్‌లు కొన్నిట్లో అది ఉండదు. పైగా మోటారు తిరిగితేనే దానిలో వ్యతిరేక వోల్టేజి పుట్టి కరెంటును అదుపులో పెడుతుంది. ఆగిపోయిన మోటారుకు ఆ అదుపు లేదు, కరెంటు తారస్థాయికి పోయి అంతా వేడెక్కుతుంది. అందుకే బటన్‌ను అదేపనిగా నొక్కి పట్టుకోకండి. ఈ పరీక్షలన్నీ దాటాక కూడా మొండికేస్తేనే మోటారు విప్పండి.