ట్యూబు వేసేందుకు ఏ బ్లేడు?

"వెంటిలేటర్ పెట్టారట" అని బంధువులు ఫోన్లలో చెప్పుకుంటారు. డాక్టర్లకు అసలు టెన్షన్ అంతకు ముందే, శ్వాసనాళంలోకి ట్యూబు వేసేటప్పుడు మొదలవుతుంది. మత్తుమందు, కండరాలను సడలించే మందు ఎక్కాక రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ముందుగా ఆక్సిజన్ బాగా పట్టిస్తే ఆరోగ్యవంతుడు కొన్ని నిమిషాలు తట్టుకుంటాడు. న్యుమోనియా ముదిరి వచ్చినవాళ్లకు, చంటిపిల్లలకు అంత వ్యవధి ఉండదు. మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడాలి.

అందుకు ఎడమ చేత్తో పట్టుకునే పరికరమే లారింగోస్కోప్. పిడికి ఒక బ్లేడు, బ్లేడుకు చిన్న లైటు. దాంతో నాలుకను ఎడమపక్కకు నెట్టి, ట్యూబు దూరాల్సిన చోటైన స్వరతంత్రులు కనబడేలా చేయాలి. అప్పుడు అడ్డొచ్చేది ఎపిగ్లాటిస్, అంటే మింగేటప్పుడు శ్వాసనాళం మీదికి వాలే ఆకులాంటి మృదులాస్థి. దాన్ని ఎలా తప్పించాలన్న దగ్గరే బ్లేడ్లు రెండు రకాలయ్యాయి.

1941లో అమెరికాకు చెందిన రాబర్ట్ మిల్లర్ దాదాపు నిటారుగా ఉండే బ్లేడును తెచ్చాడు. దాని కొన ఎపిగ్లాటిస్ కిందికి వెళ్లి, దాన్నే నేరుగా పైకెత్తుతుంది. 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ మెకింతోష్ వంపు బ్లేడును ప్రవేశపెట్టాడు. దీని కొన నాలుక మొదలుకూ ఎపిగ్లాటిస్‌కూ మధ్యనున్న పల్లంలో ఆనుతుంది. ఆ పల్లం అడుగున ఒక స్నాయువు ఉంది. సరిగ్గా దాని మీద ఒత్తిడి పడితే ఎపిగ్లాటిస్ తనంతట తానే లేస్తుంది. కొన ఇవతలే ఆగిపోతే ఎంత బలంగా ఎత్తినా లాభం లేదు. కొత్తవాళ్లు ఇక్కడే మణికట్టు తిప్పి, బ్లేడును పైపళ్ల మీద మోపి లేపబోతారు. పళ్లు విరిగేది అలాగే.

పసిపిల్లల్లో ఎపిగ్లాటిస్ పొడవుగా, మెత్తగా వేలాడుతుంది, స్వరపేటిక కూడా కాస్త పైన ఉంటుంది. అందుకే వాళ్లకు మిల్లర్ బ్లేడే ఎక్కువగా వాడతారు: నెలలు నిండిన శిశువుకు 1 నంబరు, నెలలు తక్కువైతే 0. పెద్దవాళ్లకు మెకింతోష్ 3 లేదా 4. పొడుగు బ్లేడును కొంతవరకే దించి ఆపొచ్చు గానీ, అందని పొట్టి బ్లేడుతో చేయగలిగేదేమీ లేదు.

ఇప్పుడు బ్లేడుకు కెమెరా వచ్చింది. అమెరికాలోని ఎమర్జెన్సీలు, ఐసీయూల్లో 1,417 మంది పెద్దవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. వీడియోతో మొదటిసారే ట్యూబు పడింది 85 శాతం మందికి, మామూలు పద్ధతిలో 71 శాతం మందికి. అంత తేడా ఉన్నాక ఇక వాదన దేనికి?

అయితే వీడియోలోనూ బ్లేడు ఎంచుకోవాలి. బాగా వంగిన రకం మెడ కదపకూడని ప్రమాద బాధితులకు పనికొస్తుంది. చిక్కేమిటంటే తెర మీద స్వరతంత్రులు చక్కగా కనిపిస్తాయి, ట్యూబు మాత్రం ఆ మలుపు తిరగదు. ట్యూబు లోపల అదే వంపున్న గట్టి స్టైలెట్, అంటే సన్నటి కడ్డీ, ఉండాల్సిందే. పైగా మన జిల్లాల్లో తరచూ వచ్చే పురుగుమందు కేసుల్లో నోటి నిండా చొంగ, నురగ ఉంటాయి. వాటిని పీల్చేసే సక్షన్ గొట్టం పెట్టినా కెమెరా మసకబారొచ్చు. మెకింతోష్ వంపే ఉన్న వీడియో బ్లేడైతే, తెర పోయినా నోట్లోకి నేరుగా చూసి పని కానివ్వొచ్చు. ఎమర్జెన్సీలో ముందు చేతిలోకి తీసుకోవాల్సింది అదేనని నా అభిప్రాయం.

అదీ కుదరకపోతే మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చి, రెండోసారికి ఏదో ఒకటి మార్చాలి: తల కింద ఎత్తు, బ్లేడు సైజు, లేదా ట్యూబుకు దారి చూపే బూజీ.